స్విచ్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఫైల్ పోతలేదు, టైమ్డ్ అవుట్ అంటున్నది: స్విచ్‌ని తర్వాత చూద్దాం, ముందు ల్యాప్‌టాప్‌ని చూడు

తమ్మీ, నువ్వు చెప్పింది నాకు అర్థమైనకాడికి ఇది. హన్మకొండల ఒక కాలేజ్ ల్యాబ్, పాత సిస్కో 2960 నెట్‌వర్క్ స్విచ్, 24 పోర్టులది. దాని కాన్ఫిగ్, అంటే సెట్టింగుల ఫైల్, ల్యాప్‌టాప్‌లకు తీస్కోవాలె, ఆ తర్వాత కొత్త ఐఓఎస్ (ఐఫోన్‌ది కాదు, స్విచ్‌ని నడిపే సిస్కో సాఫ్ట్‌వేర్) ఎక్కియ్యాలె. టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు అటిటు పంపే ఒక చిన్న పద్ధతి) కోసం టీఎఫ్‌టీపీడీ64 అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసినవ్, స్విచ్ మీద కాపీ కమాండ్ కొడితే చుక్కలు వచ్చి వచ్చి చివరికి టైమ్డ్ అవుట్ అంటున్నది, రెండు రోజుల సంది ఇదే లొల్లి, స్విచ్ పాడైందేమో సారుకు చెప్పాల్నా అని అడుగుతున్నవ్. చెప్పకు. స్విచ్‌కి ఏం కాలె. నేను కరీంనగర్, వరంగల్ దిక్కు ఈ పని మీదనే తిరిగి తిరిగి పదిహేనేండ్లు దాటింది, ఈ టైమ్డ్ అవుట్ గురించి నాకు వచ్చిన ఫోన్లల్ల ఎక్కువ సార్లు దొంగ ల్యాప్‌టాప్‌లనే దొరికిండు.

ఒకటి మాత్రం మొదలే మనసుల పెట్టుకో, ఇది పట్టుకుంటే మిగతాది దానంతట అదే తెలుస్తది. చాలామంది స్విచ్ అంటే పెద్ద డబ్బా, రాక్‌ల ఉంటది, కాబట్టి అదే సర్వర్ అనుకుంటరు. కాదు. టీఎఫ్‌టీపీల దుకాణం పెట్టింది నీ ల్యాప్‌టాప్, స్విచ్ గిరాకీ. నువ్వు స్విచ్ మీద కమాండ్ కొట్టినప్పుడు గిరాకీ వచ్చి నీ దుకాణం తలుపు కొడ్తున్నడు, అది యూడీపీ 69 నంబర్ తలుపు (నెట్‌వర్క్ భాషల దీన్ని కూడా పోర్టే అంటరు, కేబుల్ పెట్టే పోర్టు కాదు). నువ్వేమో లోపల కూసున్నవ్ గని షట్టర్ దించి ఉన్నది. గిరాకీ కొట్టి కొట్టి ఎవ్వరూ పలుకుతలేరని వాపస్ పోతున్నడు, దాన్నే టైమ్డ్ అవుట్ అంటున్నది. షట్టర్ అంటే విండోస్ ఫైర్‌వాల్. దాని కాడికి వస్త, దానికన్నా ముందు వైర్లు సరిగ్గ ఉన్నయా చూద్దాం.

(కమాండ్లు ఇక్కడ తెలుగుల రాస్తున్న, నువ్వు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలల్లనే కొట్టు, స్పెల్లింగ్ డౌట్ ఉంటే ప్రశ్న గుర్తు కొడితే స్విచ్చే చూపిస్తది.)

వైర్లు రెండు కావాలె. లేత నీలం రంగు కన్సోల్ కేబుల్ ఒకటి, అది నువ్వు కమాండ్లు కొట్టనీకి మాత్రమే, పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌ల సీరియల్ పెట్టి స్పీడ్ 9600. మామూలు ల్యాన్ కేబుల్ ఒకటి, ఫైల్ పోయేది దీంట్ల నుంచి. నవ్వకు, కన్సోల్ ఒక్కటే పెట్టి ఫైల్ ఎందుకు పోతలేదని అడిగినోళ్లు నాకు ఒక్కరిద్దరు కాదు. ల్యాన్ కేబుల్ క్రాసా స్ట్రెయిటా అని ఆగమాగం కావాల్సిన పని లేదు, 2960 దానంతట అదే సర్దుకుంటది.

ల్యాప్‌టాప్ ల్యాన్ పోర్టుకు చేత్తోటి ఐపీ ఇయ్యి, 192.168.10.2 అనుకో, మాస్క్ 255.255.255.0, గేట్‌వే ఖాళీగ వదిలేయ్. స్విచ్ మీద ఇంటర్‌ఫేస్ వీల్యాన్ 1 (వీల్యాన్ అంటే ఒకటే స్విచ్‌ల పోర్టులను వేరే వేరే నెట్‌వర్క్‌లుగ చేసిన గుంపు) లోపలికి పోయి 192.168.10.1 ఇచ్చి నో షట్‌డౌన్ కొట్టు. ఆల్రెడీ నడుస్తున్న స్విచ్ అయితే, దానికి మేనేజ్‌మెంట్ ఐపీ ఇంతకు ముందే ఉంటే, దాన్ని ముట్టకు, నీ ల్యాప్‌టాప్‌కే ఆ రేంజ్‌ల ఐపీ ఇచ్చుకో, నువ్వు కేబుల్ పెట్టే పోర్టు కూడా ఆ వీల్యాన్‌లనే ఉండాలె. వైఫై బంద్ చెయ్. ఇది మర్చిపోతే ఏమైతదంటే వైఫై, ల్యాన్ రెండూ ఒకటే రేంజ్‌ల పడితే ల్యాప్‌టాప్ జవాబు వైఫై దిక్కు పంపిస్తది, స్విచ్ ఇటు దిక్కు చూసుకుంట కూసుంటది.

కేబుల్ పెట్టినంక పోర్టు పైన లైట్ చూడు. మొదలు నారింజ రంగుల వెలుగుతది, 30 సెకన్లు గట్లనే ఉంటది, ఆ తర్వాత ఆకుపచ్చ అయితది. అది స్పానింగ్ ట్రీ, లూప్ ఏమన్న ఉన్నదా అని 15 సెకన్లు విని, ఇంకో 15 సెకన్లు నేర్చుకొని, అప్పుడు పోర్టు తెరుస్తది. ఈ 30 సెకన్లల్ల పింగ్ (అవతలి మెషిన్ పలుకుతున్నదా అని చూసే కమాండ్) కొట్టి, పోతలేదు అని కేబుల్ పీకి వేరే పోర్టుల పెడ్తరు, అక్కడ మళ్ల 30 సెకన్లు, మళ్ల పీకుడు. ఒక పిలగాడు గిట్ల 24 పోర్టులూ తిరిగొచ్చిండు, నేను ఫోన్ల ఉన్న, ప్రతి పోర్టుకు "ఇది కూడా ఖరాబే సార్" అంటున్నడు. జర ఓపిక పట్టు, ఆకుపచ్చ అయినంక పింగ్ కొట్టు.

పింగ్ రెండు దిక్కుల నుంచి కొట్టాలె, అసలు తెలివి అంతా దీంట్లనే ఉన్నది. ల్యాప్‌టాప్ నుంచి స్విచ్‌కి కొట్టు. జవాబు వస్తే కేబుల్, ఐపీ, వీల్యాన్ అన్నీ మంచిగనే ఉన్నయన్నట్టు. ఇప్పుడు స్విచ్ నుంచి ల్యాప్‌టాప్‌కి కొట్టు. ఐదు ఆశ్చర్యార్థకాలు వస్తే పర్ఫెక్ట్, మొదటిది ఒక్కటి చుక్క వచ్చి మిగతా నాలుగు వచ్చినా ఫికర్ లేదు, అది ఏఆర్‌పీ, అంటే ఆ ఐపీ ఏ మెషిన్‌దో వెతుక్కునే టైం. ఐదుకైదు చుక్కలే వస్తున్నయా? అటు నుంచి ఇటు పోతున్నది, ఇటు నుంచి అటు కొత్తగ ఎవడన్న వస్తే రానిస్తలేదు. ఇగ అది ఫైర్‌వాలే, ఇంకోటి కాదు. రెండు దిక్కులా పోతలేదంటే మాత్రం మళ్ల వెనక్కి పోయి ఐపీ, వీల్యాన్ చూసుకో.

ఫైర్‌వాల్ ఎందుకు అడ్డం పడ్తదంటే, నువ్వు స్విచ్‌కి డైరెక్ట్ కేబుల్ పెట్టినప్పుడు గేట్‌వే ఉండదు కదా, విండోస్‌కి ఇది ఏ నెట్‌వర్కో అర్థం కాదు, అన్ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్ అని రాసి పబ్లిక్ ఖాతాల వేస్తది. పబ్లిక్ అంటే బస్టాండ్ వైఫై లెక్క, ఎవ్వడినీ లోపలికి రానియ్యదు. టీఎఫ్‌టీపీడీ64 మొదటిసారి తెరిచినప్పుడు ఒక బాక్స్ వస్తది, ప్రైవేట్, పబ్లిక్ అని రెండు టిక్కులు, మనం చదవకుండ ఓకే కొడ్తం, దాంట్ల పబ్లిక్‌కి టిక్ లేకపోతే ఐపాయె. కాబట్టి విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్ల యాప్‌లకు పర్మిషన్ ఇచ్చే కాడికి పోయి టీఎఫ్‌టీపీడీ64కి రెండు టిక్కులూ పెట్టు. ఫైర్‌వాల్ మొత్తం బంద్ చేసుడు సులువు, నేనూ తొందరల ఉంటే చేస్త, అబద్ధం ఎందుకు, కానీ వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే దానికి సొంత ఫైర్‌వాల్ ఉంటది, విండోస్‌ది బంద్ చేసినా అది కావలి కాస్తనే ఉంటది. అది కూడా చూడు.

ఒక్క 69 పోర్టు తెరిస్తే సరిపోదా అని కొందరు అడుగుతరు. మధ్యల ఇంకో ఫైర్‌వాలో, ఏసీఎల్ (ఎవరిని పోనియ్యాలె, ఎవరిని ఆపాలె అనే లిస్ట్) ఉన్న రూటరో ఉంటే సరిపోదు. 69 అనేది తలుపు కొట్టనీకి మాత్రమే, తలుపు తీసినంక సర్వర్ వేరే కొత్త పోర్టు నుంచి మాట్లాడుతది, ఫైలంతా ఆ కొత్త పోర్టు మీదనే నడుస్తది. అందుకే నేను పోర్టుకు కాదు ప్రోగ్రామ్‌కి పర్మిషన్ ఇయ్యమంట, మధ్యల ఏం లేకుండ డైరెక్ట్ కేబుల్ పెట్టుకొమ్మంట.

టీఎఫ్‌టీపీడీ64 విండోల పైన రెండు డబ్బాలు ఉంటయి. ఒకటి ఫోల్డర్, ఒకటి ఏ ఐపీ మీద వినాల్నో ఎంచుకునేది. ఐపీ డబ్బాల చూస్తే మస్తు సార్లు 127.0.0.1 అనో, వైఫై ఐపీ అనో, వర్చువల్‌బాక్స్ ఐపీ అనో ఉంటది, దాన్ని కిందికి గుంజి 192.168.10.2 పెట్టు. ఫోల్డర్‌కి ప్రోగ్రామ్ ఫైల్స్ వద్దు, అక్కడ రాయాలంటే అడ్మిన్ పర్మిషన్ అడుగుతది, సీ డ్రైవ్‌ల ఒక ఖాళీ ఫోల్డర్ చేసుకొని దాన్ని చూపియ్యి. లైనక్స్ వాడేటోళ్లకు ఒక ముచ్చట, టీఎఫ్‌టీపీడీ-హెచ్‌పీఏ మామూలుగ కొత్త ఫైల్ తయారు చేయనియ్యదు, ఆ పేరుతోటి ఖాళీ ఫైల్ ముందే ఉండి, దానికి రాసే పర్మిషన్ ఉంటేనే తీసుకుంటది, లేకపోతే సెట్టింగ్‌ల క్రియేట్ ఆప్షన్ పెట్టాలె.

ఇప్పుడు కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ టీఎఫ్‌టీపీ: అని కొట్టు. రిమోట్ హోస్ట్ అడ్రస్ అడిగితే ల్యాప్‌టాప్ ఐపీ, ఫైల్ పేరు అడిగితే స్విచ్ పేరు, తారీఖు కలిపి ఏదన్న పెట్టు, ఎంటర్ కొడితే అది ఇచ్చే పేరు ఆర్నెల్లకు చూస్తే ఏ స్విచ్‌దో నీకే యాదికి రాదు. ఆశ్చర్యార్థకాలు వచ్చి, ఇన్ని బైట్లు కాపీ అయినయి అంటే పని అయినట్టే, కాన్ఫిగ్ ఎంతుంటది, కొన్ని కేబీలు, రెప్పపాటు. ఎర్రర్ వస్తే బ్రాకెట్‌ల ఏమున్నదో చదువు, మొత్తం అక్కడనే ఉంటది. టైమ్డ్ అవుట్ అంటే దుకాణం దాకా పోలేదు. నో సచ్ ఫైల్ అంటే సంతోషపడు, ఎందుకంటే దుకాణం దాకా పోయింది, మాట్లాడింది, పేరు మాత్రమే తప్పు. విండోస్ ఎక్స్‌టెన్షన్ దాచిపెడ్తది కాబట్టి ఫైల్ అసలు పేరు చివర్ల డాట్ బిన్ డాట్ బిన్ అని రెండుసార్లు ఉంటది కొన్నిసార్లు, మనకు ఒకటే కనపడ్తది. పర్మిషన్ గురించి ఏమన్న అంటే ఫోల్డర్ చూడు.

ఇగ నా సొంత తప్పు ఒకటి చెప్త, ఇది నువ్వు అడగలె గని చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఏనుమాముల దిక్కు ఒక కోల్డ్ స్టోరేజ్‌ల, మిర్చి సీజన్ మంచి జోరు మీద ఉన్నది, పాత స్విచ్ తీసి అదే మోడల్ కొత్తది పెట్టాలె. పాతదాని కాన్ఫిగ్ టీఎఫ్‌టీపీల తీసిన, కొత్తదాని స్టార్టప్-కాన్ఫిగ్‌లకు ఎక్కించిన, రీలోడ్ కొట్టిన, చాయ్ తాగొచ్చిన. వచ్చేసరికి కాంటా కాడి కంప్యూటర్ నెట్ లేదు, కెమెరాలు లేవు, బయట లారీలు లైన్ కట్టినయి, మేనేజర్ నా మొఖం చూస్తుండు. కాన్ఫిగ్ తెరిస్తే పోర్టులల్ల వీల్యాన్ 20, వీల్యాన్ 30 అని లైన్లు మంచిగనే ఉన్నయి. షో వీల్యాన్ కొడితే వీల్యాన్ 1 తప్ప ఏం లేదు. వీటీపీ (స్విచ్‌ల మధ్య వీల్యాన్ల లిస్ట్ పంచుకునే పద్ధతి) సర్వర్ మోడ్‌ల ఉన్న స్విచ్‌ల వీల్యాన్లు కాన్ఫిగ్‌ల ఉండయి తమ్మీ, ఫ్లాష్‌ల, అంటే స్విచ్ లోపలి స్టోరేజ్‌ల, వీల్యాన్.డాట్ (ఇంగ్లిష్‌ల vlan.dat) అని వేరే ఫైల్ ఉంటది, అవి దాంట్ల ఉంటయి. పోర్టేమో లేని వీల్యాన్‌ల కూసొని ఇనాక్టివ్ అంటున్నది. చేత్తోటి వీల్యాన్లు మళ్ల తయారు చేస్తే ఐదు నిమిషాలల్ల లేచింది గని ఆ సంగతి అర్థమయ్యేవరకు నాకు చెమటలు పట్టినయి. అందుకే షో వీటీపీ స్టేటస్ చూడు, ట్రాన్స్‌పరెంట్ మోడ్ అయితే వీల్యాన్లు కాన్ఫిగ్‌లనే ఉంటయి, సర్వర్ అయితే కాపీ ఫ్లాష్:వీల్యాన్.డాట్ టీఎఫ్‌టీపీ: అని అది కూడా తీసుకో. ఎట్లున్నా తీసుకో, ఏం పోతది.

వాపస్ ఎక్కించేటప్పుడు ఇంకో తిరకాసు. కాపీ టీఎఫ్‌టీపీ: రన్నింగ్-కాన్ఫిగ్ అంటే పాతది తీసేసి కొత్తది పెడ్తది అనుకుంటం, అది పెట్టదు, కలుపుతది. ఇప్పుడు స్విచ్‌ల ఉన్న చెత్త అట్లనే ఉంటది, దాని మీద నీ ఫైల్ లైన్లు పడ్తయి, పప్పుల చారు కలిపినట్టు. షట్‌డౌన్‌ల ఉన్న ఇంటర్‌ఫేస్ షట్‌డౌన్‌లనే ఉంటది, ఎందుకంటే నో షట్‌డౌన్ అనే లైన్ సేవ్ చేసిన ఫైల్ల రానే రాదు. మొత్తం మార్చాలంటే ఫైల్‌ని ముందు ఫ్లాష్‌లకు తెచ్చుకొని కాన్ఫిగర్ రీప్లేస్ వాడు.

ఐఓఎస్ సంగతికి వస్త. ఫైల్ నీకు సపోర్ట్ కాంట్రాక్ట్ ఉంటే కంపెనీ సైట్ నుంచే దించు, టెలిగ్రామ్ గ్రూపుల నుంచి మాత్రం వద్దు, దాంట్ల ఎవడు ఏం కలిపిండో ఎవనికి తెల్సు. దించినంక ల్యాప్‌టాప్ మీద విండోస్ సర్ట్‌యుటిల్ కమాండ్ తోటి ఎండీ5, అంటే ఫైల్ వేలిముద్ర లాంటి నంబర్, చూసి సైట్ మీద ఉన్నదానితోటి కలిపి చూడు. స్విచ్ మీద డిర్ ఫ్లాష్: కొడితే చివరి లైన్ల ఎంత ఖాళీ ఉన్నదో చెప్తది. మామూలు 2960కి ఫ్లాష్ 32 ఎంబీ, ఐఓఎస్ ఒక్కోటి 11 ఎంబీ అటిటు, కాబట్టి చాలాసార్లు పాతది తీయకుండనే కొత్తది పడ్తది. పడితే పాతది అస్సలు తీయకు. కాపీ టీఎఫ్‌టీపీ: ఫ్లాష్: కొట్టు, అయిపోయినంక వెరిఫై /ఎండీ5 తోటి స్విచ్ మీద మళ్లొకసారి చూడు, అది కలిస్తేనే బూట్ సిస్టమ్ ఫ్లాష్: అని కొత్త ఫైల్ పేరు పెట్టి, రైట్ మెమరీ కొట్టి, రీలోడ్. ఈ వరుస తప్పొద్దు. కాపీ అయ్యేటప్పుడు స్విచ్, ల్యాప్‌టాప్ రెండూ యూపీఎస్ మీద ఉండాలె, మన దిక్కు ఎండకాలం మధ్యాహ్నం కరెంట్ ఎప్పుడు కండ్లు మూస్తదో చెప్పలేం.

నాకు ఒకసారి మూసింది. జాగ లేదని పాత ఐఓఎస్ తీసేసిన, కొత్తది సగం ఎక్కింది, కరెంట్ పోయింది. కరెంట్ వచ్చినంక స్విచ్ లేచి స్విచ్: అని ఒక్క ముక్క చూపించి ఊకున్నది. ఆ ప్రాంప్ట్ కాడ టీఎఫ్‌టీపీ ఉండదు, నెట్‌వర్కే ఉండదు, ఎక్స్‌మోడెమ్ అనే పాత ఫైల్ పంపే పద్ధతి తోటి కన్సోల్ వైర్ల నుంచే ఎక్కియ్యాలె. 9600 స్పీడంటే సెకనుకు 960 బైట్లు, 11 ఎంబీ పోవాలంటే మూడు గంటలు దాటుతది, నేను దాటించిన, పుట్టీల ఎక్స్‌మోడెమ్ లేదని టెరా టర్మ్ దించుకొని మరీ. తర్వాత తెల్సింది, అక్కడ్నే సెట్ బాడ్ 115200 అని కొట్టి, టెర్మినల్ స్పీడ్ కూడా మారిస్తే అదే పని ఇరవై నిమిషాల దగ్గర అయిపోతది అని. అయినంక అన్‌సెట్ బాడ్ కొట్టుడు మర్చిపోకు, లేకపోతే నీ తర్వాత వచ్చేటోడు 9600 పెట్టి పిచ్చి గీతలు చూసుకుంట కూసుంటడు.

టీఎఫ్‌టీపీ ఎందుకింత మొద్దుగ ఉంటదంటే అది అట్లనే పుట్టింది. 1981ల దాని ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులు రాసే పత్రం) 783 వచ్చింది, 1992ల ఆర్ఎఫ్‌సీ 1350 గ సరిదిద్దిండ్రు, ఒక చిన్న చిప్‌ల పట్టేటంత చిన్నగ ఉండాలన్నదే దాని లెక్క. 512 బైట్లు పంపుతది, అందింది అని జవాబు వచ్చేదాకా ఆగుతది, మళ్ల 512. కేబుల్ పక్కన్నే ఉంటే తెలియదు గని, దూరం నుంచి వీపీఎన్ మీద చేస్తే, పోయి వచ్చుడు 50 మిల్లీసెకన్లు అనుకో, 11 ఎంబీకి 22 వేలకు పైన బ్లాకులు, అంటే 19 నిమిషాలు. బ్లాక్ నంబర్ కూడా 65535 దాకానే, 512 తోటి గుణిస్తే 32 ఎంబీ, అందుకే పెద్ద స్విచ్‌ల వందల ఎంబీ ఫైళ్లకు పాత సర్వర్లు మధ్యల చేతులెత్తేస్తయి, వాటికి యూఎస్‌బీ స్టిక్కే బెటర్.

పాస్‌వర్డ్ అనేది టీఎఫ్‌టీపీల లేనే లేదు, పోయే ఫైల్ కూడా బట్టబయలుగ పోతది. నీ కాన్ఫిగ్‌ల పాస్‌వర్డ్‌లు ఉంటయి, టైప్ 7 అని కనపడేవి దాచినట్టే ఉంటయి గని సెకన్ల విప్పొచ్చు. అందుకే డైరెక్ట్ కేబుల్ మీదనే వాడు, కాలేజ్ నెట్‌వర్క్ మీద రోజూ బ్యాకప్ తీయాలంటే ఎస్‌సీపీకి, అంటే ఫైల్‌కి తాళం వేసి పంపే పద్ధతికి, మారు. స్విచ్ ఐఓఎస్‌ల ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి భద్రంగ లాగిన్ అయ్యే పద్ధతి) ఉండాలె, 2048 ఆర్ఎస్ఏ కీ చేసి, ప్రివిలేజ్ 15 యూజర్ పెట్టి, ఐపీ ఎస్‌సీపీ సర్వర్ ఎనేబుల్ కొట్టు, ఇక్కడ మళ్ల స్విచ్చే దుకాణం, ల్యాప్‌టాప్ గిరాకీ, తిరగబడ్తది. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ 9.0 నుంచి, అంటే 2022 నుంచి, ఎస్‌సీపీ కమాండ్ లోపల ఎస్ఎఫ్‌టీపీ అనే వేరే పద్ధతి వాడుతది, పాత స్విచ్‌కి ఆ భాష రాదు, కాబట్టి కమాండ్‌ల మైనస్ పెద్ద ఓ పెట్టు. ఆల్గరిథమ్ కలుస్తలేదని ఏడిస్తే హోస్ట్‌కీ ఆల్గరిథమ్స్ ఆప్షన్‌ల ప్లస్ ఎస్ఎస్‌హెచ్-ఆర్ఎస్ఏ కలుపు.

అన్నీ అయినంక టీఎఫ్‌టీపీడీ64 మూసెయ్, ఫైర్‌వాల్ బంద్ చేస్తే మళ్ల ఆన్ చెయ్, కాన్ఫిగ్ ఫైల్‌ని డెస్క్‌టాప్ మీద పారేయకుండ భద్రంగ దాచు. ల్యాన్ ఐపీ మళ్ల ఆటోమేటిక్‌కి పెట్టు. నేను ఒకసారి మర్చిపోయి ఇంటికి పోయి, నెట్ వస్తలేదని కేబుల్ ఆయనకు ఫోన్ చేసి పది నిమిషాలు గరమైన, ఆయన పాపం రాత్రి తొమ్మిదింటికి నిచ్చెన పట్టుకొని వచ్చిండు.